ముందుగదిలో కంప్యూటర్, పెరటి వసారాలో పాట: ఇంట్లో రికార్డింగుకు పొడవాటి మైకు వైరు ఏది?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మాది వీధి వైపు సన్నగా, లోపలికి పొడవుగా సాగే పాతకాలపు ఇల్లు. అరుగు, ముందుగది, నడిమిల్లు, వంటిల్లు, ఆ వెనక వసారా, పెరడు. కంప్యూటరూ, రెండు మైకులు పెట్టుకునే చిన్న ఆడియో ఇంటర్‌ఫేసూ (మైకు సిగ్నల్‌ను కంప్యూటర్‌కు పంపే పెట్టె) ముందుగదిలో ఉన్నాయి. మా నాన్నమ్మ పాడేది మాత్రం వంటింటి వెనక వసారాలో. దంపుళ్ల పాటలు, మేలుకొలుపులు, అప్పగింతల పాటలు ఆవిడకు చాలా వచ్చు. ముందుగదిలోకి పిలిచి కుర్చీలో కూర్చోబెడితే గొంతు బిగుసుకుపోతుంది. ఒక చరణం పాడి, ఇక చాలులే అంటుంది. అదే వసారాలో పీట వేసుకుని, చేతిలో ఏదో పని సాగుతూ ఉంటే పాట దానంతట అదే వస్తుంది.

మలుపులతో కలిపి అక్కడి నుంచి కంప్యూటర్ దాకా 25 మీటర్ల వైరు కావాలి. నా దగ్గర ఉన్నది 3 మీటర్లది. బజారులో అడిగితే రెండు వైపులా ఈపీ పిన్ను ఉన్న స్టీరియో వైరు చేసి ఇస్తామన్నారు. తెలిసినవారొకరు యూఎస్‌బీ వైరునే పొడిగించి ఇంటర్‌ఫేసును వసారాలోకి తీసుకెళ్లమన్నారు. వైరు ఇంత పొడవైతే గొంతు పలచబడుతుందా? ఏది కొనాలి? ఆవిడ వయసు దృష్ట్యా ఆలస్యం చేయదలచుకోలేదు.

టంకంపెట్టె (బరంపురం)

ఆ రెండూ వద్దు. యూఎస్‌బీ 2.0 వైరుకు హద్దు సుమారు 5 మీటర్లు. దాన్ని దాటితే పరికరం మధ్యమధ్యలో తెగిపోతుంది, లేదా కంప్యూటర్‌కు అసలు కనిపించదు. ఇక ఈపీ పిన్ను వైరు ఫోనుకూ ఇయర్‌ఫోన్లకూ సరిపోతుంది గానీ, మైకు నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను అంత దూరం మోయడానికి తగినది కాదు. ఇల్లంతా ఉన్న కరెంటు వైర్ల రొదను దారి పొడవునా పోగు చేసుకుంటూ వస్తుంది.

మీకు కావలసింది రెండు చివర్లా ఎక్స్ఎల్ఆర్ ఉన్న మైకు వైరు. మన మైక్‌సెట్ వాళ్లు కానన్ పిన్ను అంటారు కదా, అదే. లోపల రెండు తీగలు ఒకదానికొకటి మెలివేసి ఉంటాయి, వాటి చుట్టూ జాలీ ఉంటుంది. 1వ పిన్ను జాలీకి, 2వది నేరు సిగ్నల్‌కు, 3వది అదే సిగ్నల్ తిరగేసిన రూపానికి. దారిలో ఏ రొద అంటుకున్నా రెండు తీగలకూ దాదాపు సమానంగా అంటుకుంటుంది. చివర ఇంటర్‌ఫేస్ ఆ రెండింటి తేడాను మాత్రమే తీసుకుంటుంది కనుక ఉమ్మడిగా వచ్చిన రొద కొట్టుకుపోతుంది, గొంతు మిగులుతుంది. దీన్నే బ్యాలెన్స్‌డ్ అంటారు. సభల్లో వేదిక నుంచి మిక్సర్ దాకా 50, 100 మీటర్లు లాగేది ఈ పద్ధతిలోనే. మీ 25 మీటర్లు దానికి లెక్క కాదు.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. కరావోకే సెట్లతో వచ్చే వైర్లకు ఒక చివర కానన్ పిన్ను, రెండో చివర పీ-38 అనే లావుపాటి ఒంటి (మోనో) పిన్ను ఉంటుంది. పైకి మైకు వైరులాగే కనిపిస్తుంది. కానీ ఆ మోనో పిన్ను దగ్గర 3వ తీగను జాలీతో కలిపేస్తారు. దాంతో ఇప్పుడు చెప్పిన లాభమంతా పోతుంది. రెండు చివర్లా మూడు పిన్నులు ఉండాలి, ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్లేది కూడా ఆ మూడు పిన్నుల గుండానే కావాలి.

గుణుపురం_శ్రోత (గుణుపురం)

టంకంపెట్టె గారూ, పొడవు పెరిగితే గొంతులో పదును తగ్గుతుందని చాలామంది అంటారు. నా వీణకు పికప్ (తీగల ధ్వనిని సిగ్నల్‌గా మార్చే చిన్న పరికరం) పెట్టించాను. 10 మీటర్ల మామూలు వైరుతో వాయిస్తే మెట్ల మీద వేళ్ల గీత, తీగ మీద మీటు శబ్దం మసకబారుతున్నాయి. మైకుకు అలా కాదా?

టంకంపెట్టె (బరంపురం)

మీరు విన్నది నిజమే, మీ చెవి సరైనదే. అయితే దోషం పొడవొక్కదానిదే కాదు, పంపే పరికరానిది కూడా. ప్రతి వైరుకూ మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ (విద్యుత్తును కొంత తనలో నిలుపుకునే గుణం) ఉంటుంది. 30 మీటర్లకు 3,000. పంపే పరికరం ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు అది చూపే అడ్డు, ఓమ్‌లలో) ఎంత ఎక్కువైతే, ఈ కెపాసిటెన్స్ అంత తొందరగా పైస్థాయి ధ్వనులను తినేస్తుంది. లెక్క వేసి చూడండి. 10,000 ఓమ్‌ల పరికరమైతే 5,300 హెర్ట్జ్ దగ్గరే కోత మొదలవుతుంది. స, శ లాంటి అక్షరాల పదును, తీగ మీటు అన్నీ ఆ పైన ఉండేవే. అదే మంచి మైకు ఇంపెడెన్స్ 150, 200 ఓమ్‌లు. అదే 30 మీటర్ల వైరుతో కోత 2,65,000 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. మనిషి చెవి హద్దు 20,000. అంటే మైకుకు ఏమీ కాదు.

మీ వీణ పికప్ ఇంపెడెన్స్ చాలా ఎక్కువ. అందుకే 10 మీటర్లకే తెలిసిపోతోంది. వీణ పక్కనే ఒక డీఐ బాక్స్ (వాద్యం సిగ్నల్‌ను మైకు వైరుకు తగినట్టు మార్చే చిన్న పెట్టె) పెట్టండి. వీణ నుంచి బాక్స్‌కు మూరెడు వైరు, బాక్స్ నుంచి ఎంత దూరమైనా కానన్ వైరు. పీజో (అదురును సిగ్నల్‌గా మార్చే రకం) పికప్ అయితే యాక్టివ్ డీఐ (కరెంటుతో నడిచే రకం) తీసుకోండి, దాని ఇన్‌పుట్ ఇంపెడెన్స్ 10 లక్షల ఓమ్‌లు ఉండేలా చూసుకోండి.

ప్రాణహిత (సిరొంచ)

నేను ఈ దారికి ఒప్పుకోను. మహేంద్రతనయ గారూ, వైరు మాట మరిచిపోండి. అరచేతిలో పట్టే రికార్డరు ఒకటి కొని నాన్నమ్మగారి పక్కన పెట్టండి. బ్యాటరీతో నడుస్తుంది, కరెంటు రొద ఉండదు, ఇంట్లో ఎవరూ తట్టుకుని పడరు. మా వైపు గోదావరి అవతలి ఊళ్లలోనూ, ఇవతల గోండు గూడేల్లోనూ పెద్దవాళ్ల పాటలు పట్టుకోవడానికి నేను అదే వాడతాను. పాడేవారు పొలం గట్టు మీద ఉంటే నేనూ గట్టు మీదే ఉంటాను. వైరు ఉంటే నా పాట ఇంటి గోడల దగ్గరే ఆగిపోయేది. ఖర్చు లెక్క చూసినా, మంచి వైరూ స్టాండూ మైకూ కొనే డబ్బుకు రికార్డరు వచ్చేస్తుంది.

జయపురం_మేడ (జయపురం)

ప్రాణహిత గారూ, పొలం గట్టుకు మీ మాటే సరి. ఇంట్లో మాత్రం నా అనుభవం వేరు. రికార్డరు పక్కన పెడితే దాన్ని మొదలుపెట్టడానికి, ఆపడానికి, స్థాయి చూడటానికి మనిషి దగ్గరకు వెళ్లాలి. వెళ్లిన ప్రతిసారీ పాడేవారి చూపు ఆ చిన్న తెర మీదకు పోతుంది. ఎర్ర దీపం వెలిగిందా లేదా అని వాళ్లే అడుగుతారు. పొడవాటి వైరు ఉంటే మైకు ఉదయమే పెట్టేసి, నేను నాలుగు గోడల అవతల కూర్చుంటాను. కాసేపటికి మైకు ఉన్న సంగతే వాళ్లు మరిచిపోతారు. నేను చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటూ ఉంటాను కనుక, పక్కింట్లో మిక్సీ తిరిగినా, గాలికి మైకు ఊదుకున్నా అప్పుడే తెలుస్తుంది. రికార్డరులో అది ఇంటికొచ్చి విన్నాక తెలుస్తుంది.

ఇంట్లో గదులన్నిటినీ వాడుకుని రికార్డు చేయడం కొత్తదేమీ కాదు. రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లీషు రాక్ బృందం ఒక లారీలో స్టూడియో కట్టించుకుంది. 1971లో వాళ్లు ఫ్రాన్స్ దక్షిణ తీరాన ఒక బంగళా అద్దెకు తీసుకుని నేలమాళిగలో వాయించారు, లారీ బయట నిలిచింది, మధ్యన వైర్లు. అదే లారీని లెడ్ జెపెలిన్ అనే మరో రాక్ బృందం వాళ్లు ఇంగ్లండులో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనం ముందు నిలిపారు. డ్రమ్ములు మెట్ల అడుగున హాల్లో పెట్టి, మైకులను పై అంతస్తు నుంచి వేలాడదీశారు. ఆ హాలు ఎత్తే ఆ డ్రమ్ముల ధ్వని. వైరు పొడవుగా ఉంటే ఇల్లు మొత్తం స్టూడియో అవుతుందనడానికి అంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

ప్రాణహిత (సిరొంచ)

వింటూ రికార్డు చేయడం వల్ల లాభం ఉందని ఒప్పుకుంటాను. తెర మీదకు చూపు పోతుందన్నదీ నిజమే. నేను రికార్డరు మీద ఒక గుడ్డ కప్పుతాను. అయినా ఇల్లు దాటి బయటకు వచ్చే పాటే నాకు ముఖ్యం, అందుకే నా పద్ధతి మార్చుకోను.

రాయగడ_కరెంటు (రాయగడ)

మైకు సంగతి నాకన్నా తెలిసినవారు చెప్పారు. కరెంటు పని నా వృత్తి కనుక ఆ వైపు చెబుతాను. ఇవి పాటించండి.

మైకు వైరు కరెంటు వైరు పక్కపక్కనే సాగకూడదు. దాటక తప్పకపోతే అడ్డంగా, నిలువు గీతను కోసినట్టు దాటించండి. ఫ్రిజ్, ఇన్వర్టర్, నీళ్ల మోటారు, స్టెబిలైజర్, లావుపాటి అడాప్టర్లు, వీటికి కనీసం ఒక మీటరు దూరం ఉంచండి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ప్రతి వస్తువు చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. జాలీ దాన్ని పెద్దగా ఆపలేదు, తీగల మెలి కొంతవరకు ఆపుతుంది, దూరం అన్నిటికన్నా బాగా ఆపుతుంది.

గుయ్‌మని వినిపిస్తే ముందు అది ఏ రకమో చెవితో పోల్చుకోండి. మందంగా, కిందిస్థాయిలో ఉంటే 50 హెర్ట్జ్, ఎర్తింగ్ గొడవ. కందిరీగ చెవి దగ్గర తిరిగినట్టు గరగరగా ఉంటే ఫ్యాన్ రెగ్యులేటరో, వెలుగు తగ్గించే స్విచ్చో, ఇన్వర్టరో కారణం. గుండ్రంగా తిప్పే పాత ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కరెంటు తరంగాన్ని మధ్యలో కోసి వేగం తగ్గిస్తాయి, ఆ కోత దగ్గరే ఈ గరగర పుడుతుంది. ఒకటి, రెండు, మూడు అని ఆగి ఆగి తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్లతో ఈ బాధ లేదు. చవక ఇన్వర్టర్లు చదరపు తరంగం ఇస్తాయి, వాటి మీద రికార్డింగు పెట్టుకోవద్దు.

ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. సగం గొడవలు అక్కడే తీరతాయి. వెనక గదిలో కీబోర్డులాంటిది కరెంటుతో వాడుతూ, ముందుగదిలో కంప్యూటర్ వేరే ప్లగ్గులో ఉంటే రెండు ఎర్తుల మధ్య తేడా వైరు జాలీ గుండా ప్రవహిస్తుంది. రెండింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి, కుదరకపోతే డీఐ బాక్స్ మీద ఎర్త్ విడదీసే స్విచ్చు నొక్కండి. ఒట్టి మైకే అయితే దానికి కరెంటు ప్లగ్గు లేదు కనుక ఈ చిక్కే రాదు.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. రొద పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్నును విరగ్గొట్టే అలవాటు చాలాచోట్ల చూస్తున్నాను. అది ప్రాణాల మీదకు తెచ్చే పని. లోహపు మైకు పెదవులకు తగిలేంత దగ్గరగా పట్టుకుని పాడతారు. ఎర్త్ పని వేరే విధంగా పరిష్కరించుకోవాలి గానీ పిన్ను జోలికి వెళ్లకూడదు.

గుణుపురం_శ్రోత (గుణుపురం)

దీనికి ఒకటి కలుపుతాను. మా వైపు కరెంటు పోయినప్పుడే నేను రికార్డు చేస్తాను. ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, పక్కింటి టీవీ, వీధి మోటార్లు అన్నీ ఒక్కసారిగా ఆగుతాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీతోనే ఇంటర్‌ఫేస్ కూడా నడుస్తుంది. ఆ నిశ్శబ్దం డబ్బుపెట్టి కొనలేం. రైలు వేళలు మాత్రం గోడ మీద రాసి పెట్టుకున్నాను, నౌపడా లైను మా ఇంటికి వినపడేంత దగ్గర.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు. నా మైకు కండెన్సర్ రకం, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (ఇంటర్‌ఫేస్ నుంచి మైకు వైరులోనే వచ్చే కరెంటు) కావాలి. అంత దూరం ఆ వోల్టేజీ తగ్గకుండా అందుతుందా? రెండోది, ఆవిడ మెల్లగా పాడుతుంది. ఆ కరెంటు అక్కరలేని డైనమిక్ మైకు మేలా, ఇదే మేలా?

టంకంపెట్టె (బరంపురం)

తగ్గినా తెలియనంత తగ్గుతుంది. ఇంటర్‌ఫేస్ లోపలే ఆ 48 వోల్టులు రెండు 6,800 ఓమ్‌ల రెసిస్టర్ల గుండా వస్తాయి. మీ 25 మీటర్ల వైరులో ఒక్కో తీగ నిరోధం రెండు మూడు ఓమ్‌లు. 6,800 పక్కన మూడు ఎంత?

మెల్లని గొంతుకు కండెన్సరే వాడండి. డైనమిక్ మైకు సిగ్నల్ చాలా తక్కువ, చవక ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మీట) చివరిదాకా తిప్పాల్సి వస్తుంది, అప్పుడు ఇంటర్‌ఫేస్ సొంత బుస వినిపిస్తుంది. అయితే వసారా పక్కన కోళ్లూ వీధి మోతా ఎక్కువగా ఉంటే డైనమిక్ దగ్గరగా పెట్టడం నయం. ఏ మైకైనా నోటికి జానెడున్నర, రెండు జానల దూరం. దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, చుట్టుపక్కల రొద మాత్రం అలాగే ఉంటుంది. 24 బిట్‌లలో రికార్డు చేస్తూ గట్టి చరణం కూడా తెర మీది కొలతలో మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. తరువాత పెంచుకోవచ్చు, పగిలిన గొంతును మాత్రం అతకలేం.

రాయగడ_నెట్ (రాయగడ)

కానన్ వైరు మన ఊళ్లలో వెంటనే దొరకకపోతే ఇంకో దారి ఉంది. నేను ఇంటర్నెట్ వైర్లు వేసే పని చేస్తాను. క్యాట్ 6 వైరులో నాలుగు మెలి జతలు ఉంటాయి. ఒక్కో జత ఒక్కో మైకు. అంటే ఒకే వైరులో నాలుగు మైకులు ఇంటి ఈ చివర నుంచి ఆ చివరకు. రెండు వైపులా చిన్న డబ్బాల్లో కానన్ సాకెట్లు బిగిస్తే సరి. నడిమింట్లో ఒకటి, వసారాలో ఒకటి, మేడ మెట్ల మీద ఒకటి ఎప్పటికీ అలాగే ఉంచుకోవచ్చు.

టంకంపెట్టె (బరంపురం)

మంచి సూచన, నాలుగు షరతులతో. జాలీ ఉన్న రకమే తీసుకోండి. ఫాంటమ్ పవర్ తిరిగి వచ్చే దారి 1వ పిన్ను, దానికి ఆ జాలీ కావాలి. గోడల్లో వేసే క్యాట్ 6లో ఒంటి తీగ ఉంటుంది, అది కదలకుండా ఉండే చోటికే మంచిది. రోజూ చుట్టి విప్పితే లోపల తెగుతుంది, కదిలించేదైతే పోగుల తీగ రకం అడగండి. రాగి పూత పూసిన అల్యూమినియం వైర్లు తక్కువ ధరకు అమ్ముతారు. టంకం సరిగా పట్టదు, రెండుసార్లు వంచితే విరుగుతుంది. చివరిది, ఆ డబ్బా సాకెట్‌ను పొరపాటున కూడా ఇంటర్నెట్ పెట్టెకు తగిలించకండి, ముఖ్యంగా ఫాంటమ్ వేసి ఉన్నప్పుడు.

బరంపురం_వీధి (బరంపురం)

మీ ఊళ్లో షామియానా, మైక్‌సెట్ సప్లై చేసేవారిని ఒకసారి అడగండి. పెళ్లిళ్లు లేని నెలల్లో వాళ్ల దగ్గర వైర్లు ఊరికే పడి ఉంటాయి, అద్దెకు ఇస్తారు. తెచ్చుకునే ముందు వైరును మైకుకు తగిలించి, హెడ్‌ఫోన్లలో వింటూ, చివర్ల దగ్గర అటూ ఇటూ వంచి చూడండి. టపటపమంటే టంకం వదిలినట్టు. వైరు మధ్యలో పోవడం అరుదు, ఎప్పుడూ పోయేది పిన్ను మొదట్లోనే.

చుట్టడం కూడా చూసి నేర్చుకోండి. మోచేతి చుట్టూ బిగించి చుడితే లోపలి మెలి వదులవుతుంది, వైరు పాములా వంకర తిరిగి నేల మీద పడుకోదు. ఒక చుట్ట పై నుంచి, మరో చుట్ట లోపలి నుంచి తిప్పుతూ చుడితే విసిరినప్పుడు నేరుగా పరుచుకుంటుంది. గుమ్మాల దగ్గర గోనెపట్టా వేసి దాని కింద నుంచి పోనివ్వండి. ఇంట్లో పెద్దవాళ్లు తిరుగుతారు, కాలికి తగలకూడదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

వైరు దొరికింది. మైక్‌సెట్ ఆయన 30 మీటర్లది ఇచ్చాడు. నడిమింట్లో గోడ వారగా, ఫ్రిజ్ ఉన్న వైపు కాకుండా ఎదుటి వైపు నుంచి లాగాను. మైకును నాన్నమ్మ ముఖానికి ఎదురుగా కాక, కాస్త పై నుంచి, ఎడమ బుగ్గ వైపు వంచి పెట్టాను. కుడిచేతికి గాజులు ఎక్కువ. ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ కూర్చుంది.

ముందుగదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. మొదట వినిపించింది పాట కాదు, చేటలో బియ్యం జరిగే చప్పుడు. ఆ తరువాత గొంతు సవరించుకోవడం. కొంతసేపు పక్కింటి ఆవిడతో ధరల గురించి మాటలు. అవన్నీ అలాగే రికార్డు కానిచ్చాను. మాటల మధ్యలోనే, ఎవరూ అడగకుండా, దంపుళ్ల పాట ఎత్తుకుంది. ముందుగదిలో ఎన్నడూ రాని నాలుగో చరణం, అయిదో చరణం కూడా వచ్చాయి. చేట కొట్టే లయ పాట లయతో కలిసిపోయింది. రోకలి లేకపోయినా చెయ్యి ఆ పోటు వేస్తూనే ఉంది. ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో కూడా స్పష్టంగా తెలిసింది.

గొంతు కింద సన్నని మోత ఒకటి ఉంది. ఇది పోతుందా?

రాయగడ_కరెంటు (రాయగడ)

ఆ సమయంలో నడిమింట్లో ఫ్యాన్ తిరుగుతోందా? వైరు దాని రెగ్యులేటర్ కింద నుంచి వెళ్తోందా? చూసి చెప్పండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అవును, సరిగ్గా అక్కడి నుంచే. గుండ్రంగా తిప్పేదే. ఫ్యాన్ పూర్తిగా ఆపేస్తే మోత పోయింది. పూర్తి వేగంలో పెట్టినా దాదాపు వినపడటం లేదు, మధ్యలో పెడితేనే వస్తోంది.

రాయగడ_కరెంటు (రాయగడ)

పూర్తి వేగంలో తరంగాన్ని కోయడం దాదాపు ఉండదు, అందుకే. రెగ్యులేటర్ మార్పించండి, మన ఊళ్లలో ఏ ఎలక్ట్రికల్ కొట్లోనైనా కెపాసిటర్ రకం దొరుకుతుంది.

జయపురం_మేడ (జయపురం)

ఇప్పటికే రికార్డయిన దానికి: 80 హెర్ట్జ్ కింద కోత పెట్టండి. స్త్రీ గొంతు మూలధ్వని సాధారణంగా 150 పైనే ఉంటుంది కనుక నష్టం లేదు. 100, 150 దగ్గర మిగిలే మోతను మాత్రం చాలా సన్నని కోతలతో, వింటూ తగ్గించండి. రొద తీసే సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా తిప్పేస్తే ఊపిరీ చేట చప్పుడూ కూడా పోతాయి. అసలు ఫైలును ముట్టుకోకుండా వేరుగా ఉంచండి, ఒక ప్రతి ఇంటి బయట ఎక్కడైనా దాచండి.

వైరు ఎలాగూ ఉంది కనుక ఇంకొక ప్రయోగం చెబుతాను. 1947లో చికాగోలో బిల్ పట్నం అనే ఇంజనీరు స్టూడియో బాత్రూమునే ప్రతిధ్వని గదిగా వాడాడు. పద్ధతి సులువు. రికార్డు చేసిన గొంతును ఒక స్పీకరు ద్వారా మెట్ల గదిలోకి వదలండి, ఇంకో మైకును మెట్లపైన, స్పీకరు వైపు కాకుండా గోడ వైపు తిప్పి పెట్టండి. ఆ ధ్వనిని అసలు గొంతు కింద కొద్దిగా కలపండి. మీ ఇంటి గోడల సొంత గొంతు అందులో ఉంటుంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది, అంటే మీటరుకు 3 మిల్లీసెకన్లు. 10 మీటర్ల దూరానికి 30 మిల్లీసెకన్ల ఆలస్యం వస్తుంది, గొంతుకు లోతు వచ్చినట్టు వినిపిస్తుంది. వైరులో మాత్రం సిగ్నల్ కాంతి వేగానికి దగ్గరగా పోతుంది, వైరు పొడవు వల్ల ఆలస్యం ఏమీ ఉండదు.

గుణుపురం_శ్రోత (గుణుపురం)

దంపుళ్ల పాటలకు ఈ ప్రతిధ్వని కలపవద్దని నా మనవి. వసారాలో పాడిన పాట వసారాలో పాడినట్టే ఉండాలి. మీరున్న పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు సవరలతో కూర్చుని, వాళ్ల నోటి నుంచి విన్నది విన్నట్టే రాసుకుని, 1931లో ఆ భాషకు వ్యాకరణం అచ్చువేయించారు. విన్నది విన్నట్టు ఉంచడం మీ ఊరి మర్యాద. ప్రయోగాలు నా వీణ మీద చేసుకుందాం.

జయపురం_మేడ (జయపురం)

అసలు ప్రతి మారకుండా ఉన్నంతవరకు రెండో ప్రతిలో ఏం చేసినా తప్పు లేదని నా అభిప్రాయం. పట్టాల్సింది వాళ్ల గొంతు. వినిపించే తీరు మనిష్టం.

ప్రాణహిత (సిరొంచ)

ఇక్కడ నేను గుణుపురం వారి వైపు. పాతికేళ్ల తరువాత ఎవరి చేతికో ఆ రెండో ప్రతే దొరికితే, వసారా ఏదో మెట్లగది ఏదో వాళ్లకెలా తెలుస్తుంది? ప్రతి ఫైలు మొదట్లో ఊరు, తేదీ, పాడినవారు ఎవరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నది మీ గొంతుతోనే చెప్పి రికార్డు చేయండి. ఫైలు పేరు మారిపోయినా మాట ఉండిపోతుంది. పాడినవారి అనుమతి కూడా ఆ మాటల్లోనే తీసుకోండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఇది చేస్తాను. మెట్లగది ఆలోచన మా తమ్ముడి వేణువుకు వాడుకుంటాం, నాన్నమ్మ పాటల జోలికి తేను. పెరటి నూతి దగ్గర కూడా ఆవిడ పాడేదట. వానాకాలం లోపు అక్కడా మైకు పెట్టాలని ఉంది. వైరును పెరట్లో ఆరుబయట వదిలేయవచ్చా?

రాయగడ_కరెంటు (రాయగడ)

వదలవద్దు. చైత్ర వైశాఖాల్లో మన కొండల మీదుగా సాయంత్రాలు ఎంత తొందరగా ఉరుముతుందో మీకు తెలుసు. ఆరుబయట పరిచిన పొడవాటి రాగి తీగ దగ్గరలో పిడుగు పడితే చాలు, నేరుగా దాని మీదే పడనక్కరలేదు, తీగలోకి వోల్టేజీ ఎక్కి ఇంటర్‌ఫేసూ కంప్యూటరూ పోతాయి. హెడ్‌ఫోన్లు చెవులకు ఉన్న మనిషికీ ప్రమాదమే. తొలి ఉరుము వినగానే రికార్డింగు ఆపి, ముందుగదిలో ఇంటర్‌ఫేస్ నుంచి వైరు పీకేసి, నాన్నమ్మగారిని లోపలికి తీసుకురండి. మేడ మీద, చెట్టు కింద అసలు పెట్టవద్దు. తేమ తగిలితే కానన్ పిన్నులు నల్లబడతాయి, పని అయ్యాక పొడిగుడ్డతో తుడిచి చుట్టి పెట్టండి.

బరంపురం_వీధి (బరంపురం)

నూతి దగ్గరకు 30 మీటర్లు చాలకపోతే రెండు వైర్లు కలపవచ్చు, కానన్ పిన్నులు ఒకదానిలో ఒకటి దిగుతాయి. కలిసే చోటు నేల మీద కాకుండా ఇటుక మీద ఉండాలి, ప్లాస్టిక్ సంచి చుట్టాలి. నా దగ్గర 15 మీటర్లది ఒకటి ఖాళీగా ఉంది. వచ్చే వారం పర్లాకిమిడి వచ్చే బంధువుల చేతికి ఇచ్చి పంపుతాను. పని అయ్యాక తిరిగి పంపండి, తొందరేమీ లేదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

తప్పకుండా పంపుతాను. వాళ్లు వచ్చే రోజు చెబితే బస్టాండుకు మా తమ్ముడు వస్తాడు.